లక్షన్నర చిట్టీ పైసలు, ఒక కెమెరా

బాసరలో గోదావరి ఘాటు మెట్ల మీద కూర్చుని టీ తాగుతుంటే తమ్ముడు తన ఫోన్ నా ముందు పెట్టాడు. తెర మీద ఒక కెమెరా ఫొటో, కింద ధర, ఆ కింద ‘ఈఎంఐ సౌకర్యం కలదు’.

“అన్నా, గిదే ఫైనల్ చేసిన. సెకండ్ హ్యాండ్, బాడీ ఒక్కటే లక్షా ముప్పై ఐదు పడ్తది. లెన్స్ సంగతి తర్వాత చూద్దాం. నువ్వు ఊ అంటే ఇయ్యాల్నే టోకెన్ కొడ్త.”

తమ్ముడంటే సొంత తమ్ముడు కాదు. ఈ కాలమ్ చదివి మెసేజ్ పెట్టిన ఇక్కడి కుర్రాడు. డిగ్రీ చివరి సంవత్సరం. దర్శనానికి ఎలాగూ వస్తున్నాను కదా, కలుద్దాం రమ్మన్నాను. పక్కనే పిల్లలకు అక్షరాభ్యాసం చేయించి, పలకలు పట్టుకుని ఫొటోలు దిగుతున్న కుటుంబాలు. “కెమెరా రాంగనే ఈడ అమ్మవారి ముందు పెట్టిచ్చి మొదటి షాట్ గోదారి మీద తీస్త” అని కూడా ప్లాన్ చేసి పెట్టుకున్నాడు.

పైసలు ఎక్కడివని అడిగాను. కాసేపు చెప్పలేదు. తర్వాత చెప్పాడు. వాళ్లమ్మ బీడీలు చేస్తుంది. 20 నెలల చిట్టీ. ఎనిమిదో నెలలోనే పాట పాడి ఎత్తింది, చేతికొచ్చింది లక్షన్నర. ముందుగా ఎత్తితే ఎంత తరుగు పోతుందో చిట్టీ కట్టే ఇళ్లలో పుట్టినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఇంకో 12 నెలలు వాయిదాలు కట్టాలి. “కెమెరాతోని పెండ్లిళ్లు షూట్ జేస్త, తీరిపోతది” అని అమ్మకు మాటిచ్చాడట.

‘ఏ కెమెరా కొనాలి?’ అన్న ప్రశ్న నాకు వారానికి పది సార్లు వస్తుంది. మామూలుగా రెండు లైన్లలో జవాబిచ్చి వదిలేస్తాను. ఈసారి టీ గ్లాసు పక్కన పెట్టి, ముందు కథ చెప్పమన్నాను.

చెప్పాడు. 18 నిమిషాల షార్ట్ ఫిలిం. తండ్రి దుబాయ్‌లో ఉంటాడు. తల్లి రాత్రిళ్లు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ వీడియో కాల్‌లో మాట్లాడుతుంది. ఆయన ఉద్యోగం పోయిందని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోరు. కొడుకు పక్కగదిలో వింటుంటాడు. అంతే. మూడు వంతులు ఒకే ఇంట్లో, రాత్రిపూట, ట్యూబ్‌లైట్ కింద. మిగతాది తెల్లవారుజామున బాసర రైల్వే స్టేషన్, ఒకసారి ఘాటు.

కథ బాగుంది. అంతకన్నా ముఖ్యం, కథ వినగానే కెమెరా సంగతి సగం తేలిపోయింది. తక్కువ వెలుతురులో గింజలు గింజలుగా నాయిస్ రాకూడదు. ఇరుకు గది కాబట్టి వైడ్ లెన్స్ కావాలి. మాటలు, మాటల మధ్య మౌనం, కత్తెరతో తునికాకు కోసే చప్పుడు వినబడాలి. వాడు ఎంచుకున్న ప్యాకేజీలో లెన్స్ లేదు, మైక్ లేదు, లైటు లేదు, బ్యాటరీ ఒక్కటే ఉంది.

ఈ తప్పు నేను చేసినదే, అందుకే అంత గట్టిగా చెప్పగలిగాను. కొన్నేళ్ల కింద అప్పు చేసి బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ 4కె కొన్నాను. 2018లో 1,295 డాలర్లకు ప్రకటించినప్పుడు మాలాంటి వాళ్లమంతా పండగ చేసుకున్న కెమెరా అది. ఆ ధరకు రా ఫార్మాట్‌లో, 13 స్టాపుల డైనమిక్ రేంజ్‌తో సినిమా తీయొచ్చు. ఇప్పటికీ దాని రంగులంటే నాకు ఇష్టం. కానీ కొనేముందు నేను స్పెసిఫికేషన్లు చదివాను, లెక్క మాత్రం రాయలేదు. అది వాడేది చిన్న ఎల్‌పీ-ఈ6 బ్యాటరీ, ముప్పావు గంట వస్తే గొప్ప. అంటే ఐదారు బ్యాటరీలు, లేదా పెద్ద బ్యాటరీ, దాన్ని తగిలించడానికి కేజ్. బాడీలో స్టెబిలైజేషన్ ఉండదు, అంటే గింబల్ గానీ మంచి ట్రైపాడ్ గానీ కావాలి. కదిలే మనిషి మీద ఆటోఫోకస్ నిలవదు, అంటే ఫోకస్ పట్టే మనిషి కావాలి, ఆ మనిషికి అన్నం పెట్టాలి. నా దగ్గర ఉన్న 50 ఎంఎం లెన్స్ ఆ సెన్సర్ మీద 100 ఎంఎం లాగా కనిపిస్తుంది. గదిలో వీపు గోడకు ఆనించి తీసినా ముక్కూ మూతీ తప్ప ఏమీ ఫ్రేమ్‌లో పట్టలేదు.

ఇవన్నీ కొనేసరికి మైక్‌కు డబ్బుల్లేవు. కెమెరా మైక్‌తోనే తీశాం. మేం తీసింది గోదావరి రైలు వంతెన దగ్గర. బొమ్మ అద్భుతం. మాట ఒక్కటి అర్థం కాలేదు. డబ్బింగ్ చెప్పిద్దామంటే అప్పటికి హీరోయిన్‌గా చేసిన అమ్మాయి పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. ఆ ఫిలిం ఇప్పటికీ నా హార్డ్ డిస్క్‌లోనే ఉంది. తప్పు కెమెరాది కాదు, పూర్తిగా నాది.

తమ్ముడు ఒప్పుకోలేదు. వీళ్లు అంత తేలిగ్గా ఒప్పుకుంటే నా కాలమ్ ఎప్పుడో ఆగిపోయేది.

“మరి ది క్రియేటర్ ఎఫ్ఎక్స్3తోని తీసిండ్రు కదన్నా. హాలీవుడ్ సినిమా!”

నిజమే. 2023లో గారెత్ ఎడ్వర్డ్స్ ఆ సినిమాను సోనీ ఎఫ్ఎక్స్3తో తీశాడు. 2021లో ఆ కెమెరా వచ్చినప్పుడు ధర 3,899 డాలర్లు. సినిమా బడ్జెట్ మాత్రం 8 కోట్ల డాలర్లు. కెమెరాలో మిగిల్చిన డబ్బు వేరేచోట పెట్టారు: లొకేషన్లు, గ్రాఫిక్స్. సీన్ బేకర్ 2015లో ‘టాంజరీన్’ను ఐఫోన్ 5ఎస్‌తో తీశాడని అందరూ చెప్తారు. ఆ ఫోన్ ముందు అనామార్ఫిక్ అడాప్టర్ ఉందని, ఫిల్మిక్ ప్రో అనే యాప్‌తో ఎక్స్‌పోజర్ లాక్ చేశారని, సౌండ్ విడిగా రికార్డ్ చేశారని, బేకర్‌కు అప్పటికే ఫీచర్ సినిమాలు తీసిన చెయ్యి ఉందని చెప్పేవాళ్లు తక్కువ. ‘ఫోన్‌తో తీశారు’ అన్నది నిజం. ‘ఫోన్ ఉంటే చాలు’ అన్నది వేరే మాట.

మన దగ్గర చూద్దాం. 2011లో రామ్‌గోపాల్ వర్మ ‘దొంగల ముఠా’ను చిన్న యూనిట్‌తో, కెనాన్ 5డి కెమెరాలతో 5 రోజుల్లో తీసేశాడు. కెనాన్ 5డి మార్క్ 2 వచ్చింది 2008లో. ఫొటోలు తీసే కెమెరాతో వెండితెర సినిమా తీయొచ్చని తెలుగు కుర్రాళ్లకు ఆ సినిమా చూపించింది. ఎలా ఉందన్నది వేరే పంచాయితీ, ఇప్పుడు వద్దు. ఇంకా దగ్గరికి రండి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి. శ్రీరామ్ శ్రీకాంత్ 2012లో మొదలుపెట్టిన మై విలేజ్ షో. గంగవ్వ అక్కడి నుంచే 2020లో బిగ్ బాస్ ఇంటిదాకా వెళ్లింది. ఆ వీడియోల్లో మనం చూసేది గంగవ్వ మాట, అనిల్ జీల టైమింగ్, ఆ ఊరి వాకిళ్లు. సిరిసిల్ల వైపు పల్లెను చూపించిన ‘బలగం’ 2023లో వచ్చినప్పుడు జనం బస్టాండుల్లో, వాకిళ్లలో కూర్చుని ఏడ్చారు. అది ఏ కెమెరాతో తీశారని అడిగినవాళ్లు నాకైతే ఒక్కరూ తగల్లేదు.

“అంటే కెమెరాతోని పనే లేదంటవా?” అన్నాడు కొంచెం కోపంగా.

అది కాదు. పని ఉంది, అది ఎంతో కథే చెప్తుంది. ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాం. వాళ్లమ్మ చాట ముందేసుకుని కూర్చుంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. “ఏం కెమెరానో ఏమో బాబూ, వాడు నిద్రలో గూడ గదే పేరు తీస్తుండు” అంది, చేయి ఆపకుండా.

ముందు తమ్ముడి ఫోన్‌తోనే టెస్ట్ తీశాం. తెర మీద నల్లటి పట్టీలు పైకి పాకుతున్నాయి. ఇది చాలామందికి వచ్చే తలనొప్పి, కారణం చెప్పుకుందాం. మన కరెంటు 50 హెర్ట్జ్. పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. ఫోన్ తనంతట తాను 30 ఫ్రేములు, 1/60 షట్టర్ పెట్టుకుంటే ఆ లెక్క కుదరక పట్టీలు వస్తాయి. ఫ్రీగా దొరికే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ వేశాం. అది 2023లో ఐఫోన్‌కు, 2024లో ఆండ్రాయిడ్‌కు వచ్చింది, అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు కాదు, చూసుకోండి. అందులో 25 ఫ్రేములు, 1/50 షట్టర్ లాక్ చేశాం. పట్టీలు పోయాయి. ఒక్క పైసా ఖర్చు లేదు. తమ్ముడు మొదటిసారి నా వైపు నమ్మకంగా చూశాడు.

కానీ నీడల్లో ఫోన్ బొమ్మ మురికిగా ఉంది. అమ్మ ముఖంలో ట్యూబ్‌లైటు వైపు చెంప బాగానే ఉంది, రెండో చెంప బురద పూసినట్టు. అక్కడ పెద్ద సెన్సర్ కావాల్సిందే. నా సంచిలో ఉన్న సోనీ ఎఫ్ఎక్స్30తో అదే షాట్ తీశాను. 2022లో 1,800 డాలర్లకు వచ్చిన సూపర్ 35 కెమెరా. ఎస్-లాగ్3లో దానికి 800, 2500 అని రెండు బేస్ ఐఎస్ఓలు ఉంటాయి. చీకటి గదిలో 2500కు మారిస్తే నీడలు శుభ్రంగా వస్తాయి. 10-బిట్ కాబట్టి తర్వాత రంగులు దిద్దేటప్పుడు గోడ మీద మెట్లు మెట్లుగా చారలు పడవు. 8-బిట్‌లో ఒక్కో రంగుకు 256 ఛాయలే, 10-బిట్‌లో 1,024. రీల్స్‌కు 8-బిట్ చాలు. సున్నం వేసిన గోడ మీద ట్యూబ్‌లైటు వెలుతురు పలచబడుతూ పోయే షాట్‌కు మాత్రం తేడా కనిపిస్తుంది, మేం కళ్లతో చూశాం.

మిగతా వాటి గురించి కూడా అడిగాడు కాబట్టి నా అభిప్రాయం చెప్తాను. పాత పానాసోనిక్ జీహెచ్5 సెకండ్ హ్యాండ్‌లో దొరికితే ఇప్పటికీ మంచి బేరం, 10-బిట్ ఉంది, బాడీలోనే స్టెబిలైజేషన్ ఉంది. పగటి కథలకు తీసుకోవచ్చు, రాత్రి కథకు వద్దు. సోనీ జడ్‌వీ-ఈ10 మొదటిది చవక, ఆటోఫోకస్ బాగుంటుంది, కానీ 8-బిట్. పైగా రోలింగ్ షట్టర్ ఎక్కువ. రైలు కిటికీలోంచి గోదావరి వంతెన దూలాలు తీసి చూడండి, నిలువు దూలాలన్నీ తాగినట్టు ఒరుగుతాయి. పాకెట్ 4కె గురించి పైన చెప్పాను. ఫోకస్ పట్టే స్నేహితుడు, ఓపిక, బ్యాటరీలు ఉన్నవాళ్లకు ఇప్పటికీ అదే నా ఓటు. కాకపోతే డేటా లెక్క వేసుకోండి. బాగా కుదించిన 12:1 రా అయినా గంటకు సుమారు 120 జీబీ. 3:1 పెడితే దాదాపు 500. ఎఫ్ఎక్స్30లో 100 మెగాబిట్ల 4కె అయితే గంటకు 45 జీబీ. 18 నిమిషాల సినిమాకు పది రెట్లు తీస్తాం అనుకుంటే 3 గంటల ఫుటేజ్. అటు ఒకటిన్నర టెరాబైట్, ఇటు 135 జీబీ. ఇదే 3 గంటలు రీలు మీద తీయాలంటే 11 నిమిషాలకో 1,000 అడుగుల డబ్బా చొప్పున 16 డబ్బాలు దాటేది. ఆ లెక్కలో మనం అదృష్టవంతులమే.

అయితే ఎఫ్ఎక్స్30 కొనమంటున్నానా? లేదు. అద్దెకు తీసుకోమన్నాను. నిజామాబాద్‌లో ఫోన్ చేసి కనుక్కుంటే లెన్స్‌తో కలిపి రోజుకు 3,000 చెప్పారు. 4 రోజులకు 12,000.

“అద్దెదైతే పెండ్లిళ్లు ఎట్ల జెయ్యాలన్నా?”

ఇదీ అసలు విషయం. సినిమా కెమెరా, పెళ్లి కెమెరా అని ఒకే వస్తువు మీద రెండు బరువులు పెట్టాడు. పెళ్లి పనికి ఒక్క కెమెరా బాడీ చాలదు, రెండు కావాలి. ఒకటి ఆగిపోతే తాళి కట్టడం మళ్లీ తీయలేం కదా. పని తెలియకముందే అప్పుతో కొని, సీజన్ కోసం ఎదురుచూస్తే వాయిదా ఆగదు. ముందు ఎవరైనా ఫొటోగ్రాఫర్ దగ్గర రెండు సీజన్లు అసిస్టెంట్‌గా చెయ్, రోజుకు ఇంత అని ఇస్తారు, ఆ పని నీకు నచ్చుతుందో లేదో కూడా తెలుస్తుంది అన్నాను. ఈ మాట వాడికి నచ్చలేదు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. చాట ముందు కూర్చున్న అమ్మ మాత్రం ఒక్క క్షణం కత్తెర ఆపింది.

తర్వాత కాగితం తీసుకున్నాం. కెమెరా అద్దె 12,000. చిన్న రికార్డర్, బూమ్ మైక్, రెండు కాలర్ మైకులు కలిపి 22,000. ఇవి సొంతంగా కొనమన్నాను. కెమెరా మూడేళ్లకు పాతబడుతుంది, మైక్ పదేళ్లు పనిచేస్తుంది. 60 వాట్ల ఎల్ఈడీ లైటు, సాఫ్ట్‌బాక్స్, స్టాండు 14,000. ఆ లైటు ట్యూబ్‌లైటు వైపు నుంచే, ఒక తెల్ల దుప్పటి గుండా వేస్తే గదిలో సహజంగా ఉంటుంది. సినిమా లైటింగ్ అంటే నీలం ఎరుపు గుమ్మరించడం కాదు తమ్మీ అని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. 1 టీబీ డిస్కులు రెండు, 10,000. రెండెందుకంటే, ఒకే చోట ఉన్న ఫుటేజ్ ఉన్నట్టు కాదు. ప్రతి రాత్రి రెండింటిలోకి కాపీ చేసి, తెరిచి చూసి, అప్పుడే కార్డు ఖాళీ చేయాలి. 8 మందికి 4 రోజుల తిండి 13,000. ఆటోలు, పెట్రోలు 4,000. మొత్తం 75,000.

ఎడిటింగ్‌కు డావిన్చీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ సరిపోతుంది. లాప్‌టాప్ నెమ్మదిస్తే ప్రాక్సీలు చేసుకోవాలి, రాత్రి పెట్టి పడుకుంటే పొద్దునకు అయిపోతాయి.

ఒకటి మర్చిపోయాం, ఎన్‌డీ ఫిల్టర్. ఘాటు మీద మిట్టమధ్యాహ్నం తీయాలంటే ఐఎస్ఓ 800, 1/50 షట్టర్, ఎఫ్ 4 దగ్గర వెలుతురు 8 స్టాపులు తగ్గించాలి. చవక వేరియబుల్ ఎన్‌డీని చివరిదాకా తిప్పితే ఆకాశంలో పెద్ద ఎక్స్ గుర్తులా నల్ల మచ్చ వస్తుంది. ‘మధ్యాహ్నం ఎందుకు, కథలో తెల్లారేటప్పుడే కదా వచ్చేది’ అని తమ్ముడే అన్నాడు. ఫిల్టర్ ఖర్చు తప్పింది. నిజంగా సంతోషమేసింది నాకు, ఎందుకంటే అప్పటికి వాడు సామాను గురించి కాదు, సీను గురించి ఆలోచించడం మొదలుపెట్టాడు.

దుబాయ్ గది సంగతి కూడా వాడికే తట్టింది. అక్కడి షాట్లు ఎలా అని నేను బుర్ర గోక్కుంటుంటే, “నాన్ననే ఫోన్‌ల తీసి పంపుమంటే?” అన్నాడు. తండ్రి నిజంగానే అక్కడ ఉన్నాడు, కథలో ఎంత ఉందో ఇంట్లో ఎంత ఉందో నేను అడగలేదు. వీడియో కాల్‌లో కనిపించే మనిషి ఫోన్ బొమ్మలోనే ఉండాలి, అక్కడ ఏ సినిమా కెమెరా పెట్టినా అబద్ధంగా ఉంటుంది. ఒక్క జాగ్రత్త: కాల్‌ను స్క్రీన్ రికార్డ్ చేయొద్దు. ఆయన తన ఫోన్‌లోనే విడిగా రికార్డ్ చేసుకుని, వాట్సాప్‌లో మామూలు వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి. లేదంటే నొక్కేసి పిండేసిన బొమ్మ వస్తుంది.

ఫెస్టివల్ ఫీజులకు, మళ్లీ తీయాల్సిన ఒకటి రెండు షాట్లకు 15,000 పక్కన పెట్టాం. మిగిలింది 60,000. అది వెనక్కి అమ్మ చేతికి, వాయిదాలకు. తమ్ముడు లెక్క రెండుసార్లు చూసుకున్నాడు. టోకెన్ కొట్టలేదు. అలాగని పూర్తిగా ఒప్పుకున్నట్టూ లేదు, ఆ కెమెరా పేజీ ఫోన్‌లో ఇంకా తెరిచే ఉంది.

వెళ్లేముందు సౌండ్ టెస్ట్ చేద్దామన్నాను. నా రికార్డర్ తీసి చాటకు కొంచెం దూరంగా పెట్టాను. ఫ్యాన్ ఆపాం. ఫ్రిజ్ ఆపాం. ఫ్రిజ్ ఆపినప్పుడు బండి తాళం చెవి అందులో పెట్టండి, వెళ్లేటప్పుడు ఆన్ చేయడం మర్చిపోరు. గది శబ్దం 30 సెకన్లు రికార్డ్ చేయాలి, ఎవరూ కదలొద్దు, తర్వాత ఎడిటింగ్‌లో కోతల మధ్య పరచడానికి పనికొస్తుంది అని చెప్పాను. ఇరవయ్యో సెకను దగ్గర దూరంగా రైలు కూత వేసింది. మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి అమ్మ ఫోన్ మోగింది, తెర మీద దుబాయ్ నంబరు. ఆమె తమ్ముడి వైపు చూసింది. వాడు రికార్డర్ మీద ఎర్ర లైటు వైపు చూసి, ఆపొద్దన్నట్టు నాకు చెయ్యి ఊపి, “మాట్లాడవే అమ్మా” అన్నాడు.